మూడో తొండ

శుక్రవారం సంతలో కొన్నారు మూడింటినీ,
చెప్పుల డబ్బాకి చిల్లులు పొడిచి.
అమ్మినవాడు చెప్పాడంట,
ఒక్క ఈతవే, కలిసే పెరుగుతాయని.
"ఓబూ, డ్రాగన్!" అని మిషారి
డబ్బా నా ముక్కుదాకా తెచ్చాడు.
నాకు తొండలే కనబడ్డాయి.

మా రాజంపేట కంపల మీద ఎండ కాగే తొండలు.
తల ఊపితే మమ్మల్నే వెక్కిరిస్తున్నాయని
రాళ్ళేసి కొట్టేవాళ్ళం.
ఇక్కడ వాటికి గాజిల్లు, ఎండకొక దీపం,
డబ్బాల్లో బతికున్న కీచురాళ్ళు.
"ఎడార్లో దబ్బుని పట్టి కూరొండుకున్న ఇల్లిది,
ఇప్పుడు దీపం పెట్టి మేపుతోంది"
అని పెద్ద మామా పళ్ళు లేకుండా నవ్వింది.

పొద్దున దీపం వేసేది నేను,
రాత్రి ఆర్పేది నేను,
కింద పరిచిన కాగితం మార్చేది నేను.
కాబట్టి ముందు నేనే చూశాను.

ఒకదాని మీద ఒకటి పడుకునేవి.
కౌగిలించుకున్నాయని మామా ఫోటో తీసి
చెల్లెళ్ళందరికీ పంపింది.
పైనున్నది వేడి తాగుతోంది.
కిందిది దాని నీడలో చల్లగా ఉంది.
అంతే.

చిన్నది ఒక చెయ్యెత్తి
గాలిలో మెల్లగా తిప్పేది.
సలాం చెబుతోందని మిషారి
తనూ చెయ్యి ఊపాడు.
ఆ చెయ్యి నాకు తెలుసు.
నేనేమీ అడగను, నువ్వే తిను, అనే చెయ్యి.

తొండ ముదిరితే ఊసరవెల్లంటారు మావైపు.
పెద్దది ముదరకముందే గడ్డం నల్లగా చేసింది.

పిండి తూచే కాటా మీద
పెరుగు కప్పులో పెట్టి తూచాను:
ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది.
పదిహేడు.
ఆదివారం చిన్నదాని ఎడమకాలికి
ఒక వేలు లేదు.
కాగితమంతా దులిపినా దొరకలేదు.

మామాతో చెప్పాను, నాకొచ్చిన అరబ్బీలో:
చిన్నదానికి తిండి మాకూ, వేడి మాకూ.
వాళ్ళ మాటలో మాకూ అంటే లేదని.
వచ్చిన కొత్తలో మన తెలుగే అనుకుని
మాకు, మాకు, అని
ఎవరికి వాళ్ళే ఇంత ఆశగా అడుక్కుంటున్నారేమనుకున్నా.
"ఈద్ అయ్యాక చూద్దాం" అంది మామా.

ఈద్ పందొమ్మిది రోజులుంది.

బట్టలు నానబెట్టే నీలం టబ్బు,
అడుగున కాగితం, ఒక చెక్కముక్క,
స్టోర్‌రూములో పడున్న పాత దీపం.
చపాతీ పెనం వేడి చూసే చెయ్యే
దీపం కింద పెట్టి ఎత్తు సరిచేశాను.
వాషింగ్ మిషన్ పక్కనున్న నా గదికి
కిటికీ లేదు.
పన్నెండేళ్ళకి ఎండొచ్చింది.

రెండు రోజులు ఏమీ తినలేదు.
టబ్బు గోడలో తన నీడ చూసి
దానికీ చెయ్యెత్తింది.
గోడ చుట్టూ తువ్వాలు చుట్టాను.
మూడోరోజు ఒక కీచురాయి.
కాసేపాగి, పదకొండు.

మిషారి గుమ్మంలో నిలబడ్డాడు.
ఆ గదిలోకి ఆ ఇంటివాళ్ళెవరూ
ఎప్పుడూ రాలేదు.
"ఒక్కదాన్నే ఉంచావు. ఏడుస్తుంది" అన్నాడు.
చెప్పడానికి నాకు మాటలు మాకూ.
దాన్ని అరచేతిలో తిప్పి కాలు చూపించాను.
వేళ్ళు లెక్కపెట్టాడు.
రెండోసారి లెక్కపెట్టాడు.
తర్వాత చెప్పులిప్పి లోపలికొచ్చి
టబ్బు పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం
వాడు తూస్తాడు, నేను కప్పు పట్టుకుంటాను.
చిన్నది ఇరవై ఆరుకొచ్చింది.
పెద్దవి రెండూ ఇంకా గాజింట్లోనే.
నిన్న వాటిలో ఒకటి
రెండోదాని తోక వైపు
రెప్పవేయకుండా చూస్తోంది.
మిషారికి చెప్పలేదింకా.
పెద్ద మామా ఖర్జూరాల అట్టపెట్టె ఖాళీ అయితే
పారేయకుండా
మంచం కింద దాచాను.